రేపు అనే తలుపు రాత

ఒకప్పుడు మన తెలుగు పల్లెల్లో ఇళ్ళ తలుపుల మీద బొగ్గుతోనో సుద్దముక్కతోనో ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసి పెట్టుకునేవారు. రాత్రివేళ ఒక దయ్యం ఆడమనిషి రూపంలో వీధి వెంట తిరుగుతూ, తెలిసిన గొంతుతో పేరు పెట్టి పిలుస్తుందనీ, పలికితే ప్రాణానికే ముప్పనీ జనానికి భయం. తలుపు మీది అక్షరాలు చదువుకొని ఆ దయ్యం తిరిగిపోతుందట. మరునాడు వచ్చి మళ్ళీ అదే చదువుకొని మళ్ళీ తిరిగిపోతుందట. ఆ రేపు ఎన్నటికీ రాదు గనుక ఆ ఇంటికి భయం లేదు. దయ్యానికి చదువు వచ్చునని నమ్మిన ఆ ఊళ్ళలో మనుషుల్లో ఎందరికి చదువు వచ్చునన్నది వేరే సంగతి.

ఈ నమ్మకంలోని మూఢత్వాన్ని విమర్శించడం నా ఉద్దేశం కాదు. ఆ పని చేసిన పెద్దలు చాలామంది ఉన్నారు. నన్ను ఆలోచింపజేసినది ఆ రాతలోని ఉపాయం. వారు దయ్యంతో పోట్లాడలేదు, పొమ్మని కసరలేదు. మర్యాదగా రేపు రమ్మన్నారు. మన జీవితంలో మార్చుకోదలచిన విషయాల పట్ల మనమందరం ఇదే మర్యాద పాటిస్తున్నాం. చదవవలసిన పుస్తకం వచ్చి తలుపు తడుతుంది. మానవలసిన సిగరెట్టు, నేర్చుకోవలసిన ఇంగ్లీషు, కట్టవలసిన పరీక్ష ఫీజు, క్షమాపణ కోరవలసిన స్నేహితుడు, అందరూ వచ్చి తడతారు. వీటిలో దేనినీ మనం కాదనలేదు. కాదంటే కనీసం అదొక నిర్ణయమయ్యేది. రేపు రమ్మన్నాం.

మన కళాశాలలో తెలుగు, ఉర్దూ పక్కపక్క గదుల్లో బోధింపబడుతున్నాయి గనుక ఒక భాషా విశేషం చెప్పకుండా ముందుకు పోలేను. తెలుగులో నిన్న వేరు, రేపు వేరు. ఉర్దూలో ఈ రెండింటికీ ‘కల్’ ఒక్కటే మాట. గడిచినదా రానున్నదా అన్నది క్రియను బట్టి గ్రహించాలి. ఇక మన హైదరాబాదీ దక్కనీ ఇంకొక అడుగు ముందుకు వేసింది. ‘పర్సోఁ’ అంటే వ్యాకరణం ప్రకారం మొన్న లేక ఎల్లుండి. కాని పాతబస్తీ పెద్దమనిషి నోట అది మొన్న కావచ్చు, పదేళ్ళ కిందటి మాటా కావచ్చు. కాలం పట్ల ఇంత ఔదార్యం మరే నగరానికైనా ఉన్నదేమో నాకు తెలియదు. అరబ్బీలో వాయిదా వేసే గుణాన్ని ‘తస్వీఫ్’ అంటారు. భవిష్యత్తును సూచించే ‘సౌఫ’ అనే చిన్న మాట నుంచి అది పుట్టింది. ‘చేస్తానులే, చేస్తానులే’ అంటూ ఉండడమే తస్వీఫ్. తౌబాను రేపటికి నెట్టేవాడిని గురించి మన ధర్మవేత్తలు హెచ్చరించినప్పుడు వాడిన మాట ఇదే. తెలుగువారి మీద మాత్రం నింద వేరు విధమైనది. మనం ఆరంభశూరులమట. మొదలు పెట్టడంలో మనల్ని మించినవారు లేరు, ముగించడంలోనే చిక్కు. ఆరంభశూరత్వం, తస్వీఫ్ రెండూ ఒకే ఇంటి బిడ్డలని నా అభిప్రాయం. ఆ సంబంధం ఏమిటో తరువాత చెబుతాను.

మనవారిలో ఒక మాట అన్యాయానికి గురవుతున్నది. అది ‘ఇన్షా అల్లాహ్’. రేపు ఒక పని చేస్తానని చెప్పేటప్పుడు అల్లాహ్ తలిస్తే అని చేర్చాలని కహఫ్ సూరా ఆదేశిస్తున్నది. మనిషి సంకల్పానికి వినయం నేర్పే మాట అది. ఈనాడు దాని గతి ఏమైంది? ‘అసైన్‌మెంటు ఎప్పుడు ఇస్తావు బేటా?’ అని అడిగితే ‘ఇన్షా అల్లాహ్ సర్’ అన్న జవాబు వచ్చిందంటే అది రాదని అర్థం చేసుకునే స్థితికి ఉపాధ్యాయులం వచ్చాం. పెళ్ళి పిలుపు అందుకున్నవాడు ఆ మాట అంటే పిలిచినవాడు భోజనాల లెక్కలో ఒక పేరు తగ్గించుకుంటున్నాడు. ఒంటెను కట్టి ఆ తరువాత అల్లాహ్ మీద భారం వేయమన్న ప్రవక్త (స) బోధ అందరికీ కంఠస్థమే. తాడు మాత్రం రేపు కొంటాం.

ఇక అసలు విషయానికి వస్తాను. వాయిదా వేసేవాడిని లోకం సోమరి అంటుంది. ఇంట్లో తండ్రి అంటాడు, తరగతిలో మేమంటాం, చివరికి ఆ విద్యార్థే తనను తాను అనుకుంటాడు. ఈ తీర్పు తప్పని నా గట్టి నమ్మకం. సోమరి హాయిగా నిద్రపోతాడు. వాయిదా వేసేవాడికి నిద్ర పట్టదు. అతడు పని మానుకొని ఇంకొక పని చేస్తూనే ఉంటాడు; పరీక్ష ముందురోజు పుస్తకాల అలమార సర్దినంత శ్రద్ధగా ఇల్లాలు కూడా పండుగకు ఇల్లు సర్దదు. రెండు గంటలు స్నేహితుడి మోటారు సైకిలు బాగు చేయించడానికి తిరిగినవాడిని సోమరి అని ఎలా అనగలం? అతడు శ్రమ నుంచి పారిపోవడం లేదు, ఒక అనుభూతి నుంచి పారిపోతున్నాడు. పుస్తకం తెరిస్తే తనకు ఏమీ రాదన్న సంగతి బయటపడుతుంది. తెరవనంత కాలం, తెరిస్తే వచ్చేదే అన్న భ్రమ బతికి ఉంటుంది. ఉర్దూ మాధ్యమంలో పదో తరగతి దాకా చదివి డిగ్రీలో ఇంగ్లీషు పాఠ్యపుస్తకం ముందు కూర్చున్న పిల్లవాడి సంకటం చూసినవారికి ఇది వివరించనక్కరలేదు. అతడికి బద్ధకం లేదు, సిగ్గు ఉన్నది. ఆ సిగ్గు మీద మనం సోమరి అన్న ముద్ర కూడా వేస్తే తలుపు మీది రాత ఇంకా చిక్కబడుతుంది.

మనస్తత్వ శాస్త్రజ్ఞులు కూడా ఇటీవల ఈ వైపుకే వచ్చారు. కెనడా దేశంలోని కార్లెటన్ విశ్వవిద్యాలయంలో తిమోతీ పిచిల్, అతని సహచరులు మొదటి సంవత్సరం విద్యార్థులను పరిశీలించి 2010లో ఒక ఫలితం ప్రకటించారు. మొదటి పరీక్షకు చదువు వాయిదా వేసిన తమను తాము క్షమించుకోగలిగినవారు రెండో పరీక్షకు తక్కువ వాయిదా వేశారట. తమను తాము తిట్టుకుంటూ కూర్చున్నవారికి ఆ మేలు కలగలేదు. ఇది చదివినప్పుడు నాకు మన ‘ఖజా’ గుర్తుకు వచ్చింది. సమయానికి చేసిన నమాజు ‘అదా’, తప్పిపోయి తరువాత తీర్చుకున్నది ‘ఖజా’. బాకీ రద్దు కాదు, అలాగని బాకీ పడ్డవాడికి తలుపూ మూసుకుపోదు. ఇందులోని వివేకం గమనించండి. ఫజర్ తప్పిపోయినవాడు ‘ఈ రోజు ఎలాగూ పాడైపోయింది, ఇక రేపటి నుంచి చూద్దాం’ అని జుహర్ మానుకోవడానికి షరీఅత్ చోటివ్వలేదు. తదుపరి వేళ దాని వేళకు వస్తూనే ఉంటుంది. మన ఇతర సంకల్పాల విషయంలో మనం చేసేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. రోజూ నడుస్తానన్నవాడు బుధవారం నడవలేదు. ఇక గురు, శుక్రవారాలు నడవడు. ఒకటో తేదీ నుంచి అంటాడు, ఆ పైన ఉగాది నుంచి అంటాడు, రంజాన్ వెళ్ళనివ్వండి అంటాడు. మచ్చలేని ఆరంభం కోసం ఎదురుచూపు అది. ఆరంభశూరత్వానికీ తస్వీఫ్‌కూ ఉన్న చుట్టరికం ఇక్కడే. గొప్పగా మొదలు పెట్టాలనుకునేవాడే మొదలు పెట్టడాన్ని వాయిదా వేస్తాడు. ఒకరోజు తప్పితే మొత్తం వదిలేసి మరొక గొప్ప ఆరంభం కోసం కాచుకు కూర్చుంటాడు.

అయితే ఆలస్యమంతా దోషమేనా అని అడిగేవారుంటారు. తెలుగు పాఠం చెప్పేవాడిని గనుక నేనే ఆ వాదం తరఫున ఒక సాక్షిని తెస్తాను. మహాభారతం శాంతిపర్వంలో చిరకారి అనే ముని కుమారుడున్నాడు. ప్రతి పనీ చాలాసేపు ఆలోచించి చేసేవాడు గనుక ఆ పేరు వచ్చింది. తండ్రి గౌతముడు కోపావేశంలో తల్లిని చంపమని ఆజ్ఞాపించి అడవికి వెళ్ళిపోతాడు. తండ్రి మాట ధర్మమా, తల్లి ప్రాణం ధర్మమా అని చిరకారి కత్తి చేతబట్టి ఆలోచిస్తూ ఉండిపోతాడు. అంతలో గౌతముడికి పశ్చాత్తాపం కలిగి పరుగున వచ్చేసరికి తల్లి బతికే ఉన్నది. తండ్రి కొడుకు ఆలస్యాన్ని దీవించాడు. కోపంతో చేయబోయే పనిని, మరొకరికి కీడు చేసే పనిని రేపటికి నెట్టడం పుణ్యం. ఈ విషయంలో మనం ఇంకా ఎక్కువ వాయిదాలు వేయడం నేర్చుకోవాలి. విద్యార్థుల చేతిలోని ఫోన్లలో అర్ధరాత్రి రాసుకునే జవాబులన్నీ తెల్లవారేదాకా ఆగితే ఎన్నో స్నేహాలు నిలుస్తాయి. కాని చిరకారి కత్తి పట్టుకొని ఆలోచించాడన్నది మరువరాదు. ప్రశ్నను ఎదురుగా పెట్టుకొని కూర్చున్నాడు. మనం ప్రశ్నను పక్క గదిలో పెట్టి క్రికెట్ చూస్తాం. అతడిది ఆలోచన, మనది పలాయనం.

మరి ఉత్సాహం ఎక్కడి నుంచి వస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు మన వీధుల్లోనే ఏటా ఒక నెలపాటు కనబడుతున్నది. రోజుకు రెండు పెట్టెల సిగరెట్లు కాల్చేవాడు ఉంటాడు. గంటసేపు బస్సులో కూర్చోలేక మధ్యలో దిగి వెలిగించుకునే మనిషి. రంజాన్ నెలవంక కనబడిన మరునాటి నుంచి అతడు సహరీ మొదలు ఇఫ్తార్ దాకా 13, 14 గంటలు పొగ ముట్టడు, మంచినీరు కూడా ముట్టడు. ఎండాకాలంలో వచ్చిన రంజాన్‌లోనూ ముట్టడు. ఒక్క రాత్రిలో ఈ సంకల్పబలం అతడికి ఎక్కడ దొరికింది? గొప్ప ఉపన్యాసం ఏదీ వినలేదు. జీవితం మార్చే పుస్తకమేదీ చదవలేదు. పొద్దున లేచి ‘ఇవాళ నాకు ఉత్సాహంగా ఉన్నదా?’ అని తనను తాను అడగలేదు. అడిగి ఉంటే సహరీ వేళకు మంచం దిగేవాడు కాదు. వేళ ముందే నిర్ణయమై ఉన్నది. ఇల్లంతా లేచింది. వీధిలో అందరిదీ అదే దారి. అతడు చేయవలసిన నిర్ణయం ఒక్కటే. దానిని నెల మొదట ఒకసారి చేశాడు, ఆ తరువాత రోజుకు వందసార్లు చేయవలసిన పని తప్పింది. ఆరాధనను అలవాట్ల పాఠంగా కుదించడం నా ఉద్దేశం కాదు; ఉపవాసం పొగాకుకు మందుగా విధింపబడలేదు. కాని ‘నా వల్ల కాదు సార్’ అనే మనిషి వల్ల అవుతుందని ఆ నెల రుజువు చేస్తున్నది.

అలాగైతే ఈద్ నమాజు కాగానే ఈద్గా బయట అతడే ఎందుకు వెలిగిస్తాడని ఎదురు ప్రశ్న రావాలి. నిజమే, వెలిగిస్తాడు. నిజానికి ప్రతి ఇఫ్తార్ తరువాతా వెలిగిస్తూనే ఉన్నాడు గనుక అలవాటు చావలేదు, పగలంతా పడుకున్నది. పైగా నెల చాలదు. లండన్‌లో ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలు 96 మందిని పరిశీలించి 2010లో అచ్చువేసిన ఫలితాల ప్రకారం, భోజనంతో గ్లాసుడు నీళ్ళు తాగడం వంటి ఒక చిన్న పని తలవని తలంపుగా జరిగిపోయే అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, కొందరికి 254 రోజుల దాకా. మధ్యలో ఒక రోజు తప్పినందువల్ల పెద్ద నష్టం జరగలేదని కూడా ఆ పరిశీలన తేల్చింది. మన నెల 29 రోజులు గాని 30 రోజులు గాని. షవ్వాల్ వచ్చేసరికి చుట్టూ ఉన్న ఏర్పాటు ఎత్తివేయబడుతుంది, మనిషి ఒంటరిగా మిగులుతాడు. బలహీనుడని అతడిని నిందిస్తాం. ఏర్పాటు పోయిందని ఎవరూ అనరు.

వ్యసనం మాట వచ్చింది గనుక మన తెలుగునేల మీద జరిగిన ఒక పెద్ద ఘట్టాన్ని గుర్తు చేస్తాను. ఈనాటి విద్యార్థులు పుట్టక ముందరి కథ. 1992లో నెల్లూరు జిల్లాలో దూబగుంట అనే ఊరి ఆడవారు సారా దుకాణం మూయించారు. రోశమ్మ అనే పల్లెటూరి స్త్రీ పేరు రాష్ట్రమంతటా వినబడింది. ఆ ఇళ్ళలోని మగవారు సారా మానాలని ఎన్నడూ అనుకోలేదా? తాగినవాడు చేసినన్ని ప్రతిజ్ఞలు అసెంబ్లీలో కూడా జరిగి ఉండవు; ‘రేపటి నుంచి ముట్టను’ అన్నది ప్రతి రాత్రీ వినబడే మాట. ఆడవారు ఆ మాట నమ్మడం మానేశారు. మగవాడి మనసు మార్చే పని అటుంచి, పొద్దుపోయేసరికి పొలం నుంచి వచ్చే దారిలో ఉన్న దుకాణాన్ని తీసివేయమన్నారు. సారా వేలంపాటలను అడ్డుకున్నారు. అవి పదేపదే వాయిదా పడ్డాయి. వాయిదా అనే మాటకు ఇంతటి గౌరవం మరెప్పుడూ దక్కి ఉండదు. 1993 అక్టోబరు 1 నుంచి అప్పటి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ఆ నిషేధం సడలింది. సడలిన తరువాత ఏమైందో చెప్పనక్కరలేదు. ఈద్గా బయట జరిగిందే రాష్ట్రమంతటా జరిగింది.

ఆ కథలో అంతగా ప్రచారం కానిది, నాకు మరింత విలువైనదిగా తోచేది ఇంకొకటి ఉన్నది. దూబగుంట ఉద్యమం రాత్రిబడిలో పుట్టింది. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా కార్యక్రమం జరుగుతున్న రోజులవి. వాచకంలో ‘సీతమ్మ కథ’ అనే పాఠం ఉండేది, సారా వల్ల చెడిన సంసారం గురించి. ఆ పాఠం చదివినవారు అది తమ ఇంటి కథేనని గుర్తించారు. ఇంతవరకు అందరూ రాశారు. నా ప్రశ్న అంతకు ముందుది: పగలంతా కూలి చేసి, వండి, వార్చి, పిల్లలను పడుకోబెట్టిన ఆడవారు పలక పట్టుకొని బడికి ఎలా వచ్చారు? ఉత్సాహం పొంగి వచ్చారనుకోవడం కవిత్వం. బడి వారి వీధిలోనే ఉన్నది. వేళ తెలిసినది. పక్కింటావిడ వెళుతూ వెళుతూ గుమ్మం ముందు నిలబడి ‘రావమ్మా, పోదాం’ అని పిలిచేది. పాఠం చిన్నది, ఆ రాత్రికి ఆ నాలుగు అక్షరాలే. కొన్నాళ్ళకు తన పేరు తాను రాయగలిగిన తరువాత పుట్టింది ఉత్సాహం. ముందు కాళ్ళు వచ్చాయి, మనసు తరువాత వచ్చింది. ఎంత కొంచెమైనా ఎడతెగకుండా చేసే పనే అల్లాహ్‌కు ప్రీతికరమన్న హదీసులోని మాట అర్థం కావాలంటే అలాంటి బడులను తలచుకోవాలని నాకు అనిపిస్తుంది.

దీనికి మరొక వైపు కూడా చూడాలి. 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. ఈనాడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో ఉన్నది. మొదటి ఉపకులపతి జి. రామ్‌రెడ్డి గారు ఆ తరువాత 1985లో జాతీయ స్థాయిలో ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి కూడా మొదటి ఉపకులపతి అయ్యారు. బడి మానేసినవారికి, ఉద్యోగంలో చేరిపోయినవారికి, పెళ్ళయిపోయిన ఆడపిల్లలకు అది మళ్ళీ తెరిచిన తలుపు. మనకు మరీ దగ్గరగా గచ్చిబౌలిలో 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం కూడా దూరవిద్యతోనే మొదలైంది. ఈ సంస్థల వల్ల డిగ్రీ పట్టా అందుకున్న మన వీధుల గృహిణులు ఎందరో ఉన్నారు. కాని పేరు నమోదు చేసుకొని, వచ్చిన పుస్తకాల కట్టకు తాడు కూడా విప్పకుండా అటక మీద పెట్టినవారూ ఎందరో ఉన్నారు. తలుపు తెరిచి ఉంటే చాలదు. ఆదివారం తరగతులకు క్రమంగా వెళ్ళినవారు, నలుగురైదుగురు కలిసి చదువుకున్నవారు గట్టెక్కడం చూస్తున్నాం. పుస్తకాల కట్టతో ఒంటరిగా మిగిలినవారికి రేపు అనే మాట చాలా తీయగా వినబడుతుంది.

ఇప్పుడు మన ఊరి మాట. గోపన్‌పల్లి ఒక విచిత్రమైన చోట ఉన్నది. ఒక వైపు 1974లో స్థాపితమైన హైదరాబాదు విశ్వవిద్యాలయం, ఊరి పొలిమేరలోనే టాటా మౌలిక పరిశోధనా సంస్థ వారి ప్రాంగణం, కొంచెం అవతల విప్రో కూడలి, ఆర్థిక మండలంలోని అద్దాల మేడలు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యేనాటికి బండలు, పొలాలు ఉన్న ఈ నేల పాతికేళ్ళలో గుర్తుపట్టరాకుండా మారింది. ఊరు మారినంత వేగంగా మనుషులు మారాలని ఎవరో అదృశ్యంగా కొరడా ఝళిపిస్తున్నట్టు మన పిల్లలకు అనిపిస్తుంది. ఉదయం గోపన్‌పల్లి తండా కూడలిలో నిలబడి చూడండి. కంపెనీ బస్సుల్లో మెడలో బిళ్ళలతో కొందరు పోతారు. అవే మేడలకు కాపలా కాయడానికి, ఊడ్వడానికి, వండడానికి నడిచి కొందరు పోతారు. మన విద్యార్థుల్లో చాలామంది అమ్మానాన్నలు రెండో గుంపులో ఉన్నారు. మొదటి గుంపులోకి వెళ్ళాలన్న కోరిక పిల్లలకు తక్కువేమీ లేదు. కోరిక కావలసినంత ఉన్నది, అందువల్లే భయమూ ఎక్కువగా ఉన్నది.

ఈ భయానికి విద్యాసంస్థలు కనిపెట్టిన మందు వ్యక్తిత్వ వికాస ఉపన్యాసం. నగరంలో ఈ విద్య బాగా పండింది. వక్త వస్తాడు, గంటసేపు గర్జిస్తాడు, పేదరికం నుంచి పైకి వచ్చిన మహనీయుల పేర్లు వల్లిస్తాడు, పిల్లల చేత చప్పట్లు కొట్టిస్తాడు, చేతులెత్తించి ప్రతిజ్ఞ చేయిస్తాడు. ఆ సాయంత్రం మన పిల్లల ముఖాలు వెలిగిపోవడం నేనూ చూశాను, అందులో అబద్ధం లేదు. మూడోనాటికి రికార్డు పుస్తకాలు ఎక్కడివక్కడే ఉంటాయి. పైగా కొత్త కష్టం ఒకటి తోడవుతుంది: ఇంత విన్నా మారలేదంటే లోపం నాలోనే ఉన్నదని పిల్లవాడు తేల్చుకుంటాడు. ఉపన్యాసకుల మీద నాకు ద్వేషం లేదు; నా వృత్తీ ఉపన్యాసమే. ఉత్సాహాన్ని ముందు పోసి పనిని తరువాత ఆశించే పద్ధతి తలకిందులైనదని మాత్రం చెప్పక తప్పదు.

దీనికి బదులు ఏమి చేయాలి? మొదటిది మా అధ్యాపకుల పని. అమెరికాలో డాన్ ఏరియలీ, క్లాస్ వెర్టెన్‌బ్రోక్ అనే ఇద్దరు ఆచార్యులు మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో జరిపిన ఒక ప్రయోగాన్ని 2002లో ప్రచురించారు. విద్యార్థులు మూడు వ్యాసాలు రాయాలి. ఒక తరగతికి ఆచార్యులే సమాన వ్యవధుల్లో మూడు గడువులు పెట్టారు. ఇంకొక తరగతి వారిని తమ గడువులు తామే పెట్టుకోమన్నారు. మూడింటినీ చివరి రోజుకు పెట్టుకునే స్వేచ్ఛ ఉన్నా చాలామంది పెట్టుకోలేదు, ముందుగానే కట్టుబడ్డారు. తమను తాము నమ్మరాదని వారికి తెలుసు! అయినా మార్కులు ఆచార్యులు గడువులు పెట్టిన తరగతికే మెరుగుగా వచ్చాయి. ఉద్యోగాల్లో ఉంటూ చదువుకోవడానికి వచ్చిన పెద్దవారి సంగతి అది. మన దగ్గర సెమిస్టరు మొదట అసైన్‌మెంటు ప్రకటించి, చివర ఒకే తేదీ పెట్టి, ఆ తేదీని కూడా రెండుసార్లు పొడిగించి, ఆ మీదట పిల్లలను సోమరులంటున్నాం. పొడిగింపు దయ అనుకుంటాం. క్రమం తప్పక పనిచేసినవాడిని శిక్షించడం తప్ప దానివల్ల ఒరిగినదేమీ లేదు. పది పేజీల పనిని రెండేసి పేజీల ఐదు పనులుగా చేసి, ప్రతి దానికీ ఒక శనివారం నియమించి, ఆ శనివారమే దిద్ది ఇస్తే చాలావరకు తీరుతుంది. దిద్దేవారికి శ్రమ ఎక్కువవుతుందని నా సహోద్యోగులు కొందరు అభ్యంతరం చెబుతారు. ఎక్కువే అవుతుంది.

రెండవది, ఒక గది. నిశ్శబ్దంగా కూర్చొని చదువుకోవడానికి అసర్‌కూ మగ్రిబ్‌కూ నడుమ ప్రతిరోజూ తెరిచి ఉండే గది. అక్కడ ఉపన్యాసం ఉండదు, హాజరు ఉండదు, ఎందుకు చదవలేదన్న ప్రశ్న ఉండదు. ఎవరి పుస్తకం వారిది. వచ్చేవారు పుస్తకం తెరిచి పది నిమిషాలు కూర్చుంటే చాలు, వెళ్ళిపోదలిస్తే వెళ్ళిపోవచ్చు. పది నిమిషాలు కూర్చున్నవారిలో చాలామంది లేవరని నా అంచనా. నిన్న రానివాడు ఇవాళ వస్తే ఎవరూ ఆశ్చర్యం ప్రకటించకూడదు. ఇది తప్పనిసరి నియమం. చాలామంది పిల్లల ఇళ్ళు ఒకటిన్నర గదులవి. అందులో టెలివిజను ఉన్నది, జ్వరంతో ఉన్న నానమ్మ ఉన్నది, వచ్చిపోయే చుట్టాలున్నారు. ‘రేపటి నుంచి చదువుతాను’ అనే పిల్లవాడికి ఎక్కడ కూర్చొని అని అడిగితే జవాబు లేదు. చోటు లేని సంకల్పం గాలిలో దీపం.

ఈ ఆలోచనకు ఉన్న లోపాలు నాకు తెలుసు. సాయంత్రం నాలుగింటి నుంచి రాత్రి పదకొండింటి దాకా బండి మీద భోజనం పొట్లాలు చేరవేసే మన విద్యార్థులకు ఈ గది వల్ల ప్రయోజనం లేదు. వారు చదువు వాయిదా వేయడం లేదు. వారి చదువును ఇంటి అద్దె వాయిదా వేస్తున్నది. వారికి వికాస పాఠాలు చెప్పడం దాదాపు హింసే. స్కాలర్‌షిప్ సొమ్ము వేళకు అందితే వారిలో కొందరికైనా ఆ సాయంత్రాలు మిగులుతాయి, అది మన చేతిలోని పని కాదు. అలాగే ఆడపిల్లలు. పొద్దు వాలేలోగా ఇంటికి చేరాలన్న నియమం చాలా ఇళ్ళలో ఉన్నది. అసర్ తరువాత ఉండమంటే డిగ్రీయే మానిపిస్తామనే తండ్రులూ లేకపోలేదు. వారి విషయంలో రేపు అనే మాట మరింత ప్రమాదకరం. అబ్బాయి ఒక సంవత్సరం వృథా చేసుకుంటే మరుసటి సంవత్సరం ఉంటుంది. సంబంధం కుదిరిన అమ్మాయికి ఆ మరుసటి సంవత్సరం ఉండకపోవచ్చు. రెండో సంవత్సరంలో బాకీ పడిన రెండు పేపర్లు పెళ్ళి తరువాత రాస్తానన్నవారిలో ఎందరు వచ్చి రాశారో పరీక్షల విభాగం వారు చెప్పగలరు.

కనుక వారికి గది ఉదయమే తెరవాలి. తరగతులు మొదలు కావడానికి గంట ముందు, ఎనిమిదిన్నరకు. తండా కూడలికి వచ్చే బస్సు ఎలాగూ ఎనిమిది దాటిన కొద్దిసేపటికే పిల్లలను దించుతున్నది; ఆ గంట వారు మెట్ల మీద కూర్చొని గడుపుతున్నారు. గ్రంథాలయం పక్కన పాత టైపు యంత్రాలు పెట్టిన గది సగం ఖాళీగా ఉన్నది. కుర్చీలు పరీక్షల హాలు నుంచి తెచ్చుకోవచ్చు. ఒక గోడ గడియారం కావాలి, తాళం చెవితో వేళకు వచ్చే మనిషి కావాలి. ఉర్దూ విభాగంలోని మిత్రులు ఇద్దరు సోమ, బుధవారాలు తాము వస్తామన్నారు. మిగిలిన నాలుగు రోజులు నేను వస్తానని రాసి, యంత్రాలను పక్కకు జరిపించమని ప్రిన్సిపాల్ గారికి అర్జీ ఇచ్చాను. ఏ తేదీ నుంచి అన్న చోట ‘ఈ నెల నుంచి’ అని మొదట రాసిన గుమాస్తా చేత అది కొట్టివేయించి, వచ్చే సోమవారం తేదీ వేయించాను.